వార్త ఏమైనా తెలిసిందా?

పిల్లలూ! మీలో కొందరు బడిలో ఫ్రెంచి నేర్చుకుంటున్నారు. సెలవు రోజున తెలుగు తరగతికి వస్తున్నారు. ఇంటి బయట అంతా ఇంగ్లీషే. మూడు భాషలు ఒక్క నోట్లో ఉన్నప్పుడు ఒకదాని అలవాటు మరొకదానిలోకి వచ్చి కూర్చుంటుంది. ఆ అలవాటు అన్నిటికన్నా బాగా కనిపించేది ప్రశ్న అడిగేటప్పుడు. అందుకని ఈ పాఠంలో ఫ్రెంచివాళ్లు ప్రశ్న ఎలా అడుగుతారో, మనం ఎలా అడుగుతామో పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు ఒక చిన్న సంగతి. మెల్‌బోర్న్‌లో ఉండే ఒక అమ్మాయి రాజమండ్రిలో ఉన్న నానమ్మతో ఫోనులో మాట్లాడుతూ, “నానమ్మా, నువ్వు వచ్చే నెల ఇక్కడికి వస్తున్నావు” అంది. అనేటప్పుడు చివరి మాట దగ్గర గొంతు కొంచెం పైకి లేపింది. ఆమె అడిగింది ప్రశ్న. నానమ్మకు వినిపించింది వార్త. కొడుకు టిక్కెట్టు కొన్నాడు కాబోలు, మనవరాలి చేత చెప్పిస్తున్నాడు అనుకొంది. అటక మీది పెట్టె దింపించింది. సున్నుండలు చుట్టింది. ఇరుగుపొరుగుకు చెప్పింది. వారం తరువాత కొడుకు ఫోను చేసి, “అమ్మా, టిక్కెట్టు ఇంకా కొనలేదే” అన్నప్పుడు ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. “సరేలే నాయనా, సున్నుండలు ఎవరిచేతనైనా పంపిస్తాను” అంది.

లోపం ఎక్కడ జరిగింది? ఒక్క అక్షరం దగ్గర. “వస్తున్నావా” అనవలసిన చోట “వస్తున్నావు” అంది. గొంతు పైకి లేపితే చాలు, అది ప్రశ్న అవుతుందనుకొంది. ఆస్ట్రేలియాలో చాలామంది మామూలు మాట చెప్పేటప్పుడు కూడా చివర గొంతు లేపుతారు. విని విని ఆ రాగం మీకూ పట్టుబడుతుంది. రాజమండ్రి నానమ్మకు ఆ రాగం తెలియదు. ఆమె చెవి వెతికేది చివరి ‘ఆ’ను.

ఆ అమ్మాయి మాట్లాడినది ఫ్రెంచి అయి ఉంటే ఆమెను ఎవరూ తప్పు పట్టరు. అది ఎందుకో ఇప్పుడు చూద్దాం.

(ఈ పాఠంలో ఫ్రెంచి మాటలను తెలుగు లిపిలోనే రాశాం. అరసున్న ఉన్నచోట ముక్కుతో పలకండి. సరి అయిన ఉచ్చారణ మీ ఫ్రెంచి టీచరుగారిని అడిగి తెలుసుకోండి.)

ఫ్రెంచిలో ‘వు వెనే’ అంటే ‘మీరు వస్తారు’ అని. ‘వు’ అంటే మీరు. ‘వెనే’ అంటే వస్తారు. దీన్ని ప్రశ్నగా మార్చడానికి వాళ్లకు మూడు దారులు ఉన్నాయి.

మొదటిది అన్నిటికన్నా సులువు. మాటలు ఏమీ మార్చరు. ‘వు వెనే?’ అని చివర గొంతు పైకి లేపుతారు. ఇంట్లో, వీధిలో, స్నేహితుల మధ్య ఎక్కువగా వినిపించేది ఇదే. మన మెల్‌బోర్న్ అమ్మాయి చేసింది సరిగ్గా ఇదే పని.

రెండవది, వాక్యం ముందు ‘ఎస్ క’ అని చేర్చడం. ‘ఎస్ క వు వెనే?’ అంటే ‘మీరు వస్తారా?’ అని. ఈ ‘ఎస్ క’ను విడదీస్తే మూడు చిన్న మాటలు ఉన్నాయి. ‘మీరు వస్తారు అన్నది నిజమేనా’ అన్నంత అర్థం వాటిలో ఇమిడి ఉంది. ఇప్పుడు ఎవరూ విడదీసి ఆలోచించరు. మన ‘ఆ’ వాక్యం చివర నిలబడి చేసే పనిని వాళ్ల ‘ఎస్ క’ వాక్యం మొదట నిలబడి చేస్తుంది. ఒకటి తోక, ఒకటి తల. అంతే తేడా.

మూడవది తారుమారు పద్ధతి. ‘వు వెనే’ను ‘వెనే వు?’ అంటారు. క్రియ ముందుకు వస్తుంది, ‘మీరు’ వెనక్కు పోతుంది. ఇంగ్లీషులో ‘యూ ఆర్’ను ‘ఆర్ యూ’ చేసినట్టే. ఇది కొంచెం మర్యాద పద్ధతి. పుస్తకాలలో, ఉత్తరాలలో, పెద్దల ప్రసంగాలలో ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ మూడవ పద్ధతిలో అడిగిన ఒక ప్రశ్న చాలా ప్రసిద్ధమైనది. దానికీ మనం ఉంటున్న దేశానికీ సంబంధం ఉంది.

సిడ్నీ పిల్లలకు లా పెరూజ్ అనే చోటు తెలిసే ఉంటుంది. బోటనీ బే ఒడ్డున ఉన్న పేట. అక్కడి ఆదివాసుల కుటుంబాలకు అది తరతరాల నేల. దానికి ఈ ఫ్రెంచి పేరు ఒక నావికుని వల్ల వచ్చింది. లా పెరూజ్ 1785 ఆగస్టులో ఫ్రాన్సు నుండి రెండు ఓడలతో బయలుదేరాడు. ఓడల పేర్లు బూసోల్, ఆస్త్రోలాబ్. బూసోల్ అంటే దిక్సూచి. ఫ్రాన్సు రాజు పదహారవ లూయీకి భూగోళశాస్త్రం అంటే ఎంతో ఇష్టం. ఈ ప్రయాణం మీద ఆయనే స్వయంగా శ్రద్ధ పెట్టాడు.

ఆ ఓడలు 1788 జనవరి 26న బోటనీ బేలో లంగరు వేశాయి. సరిగ్గా అదే రోజున ఇంగ్లీషువాళ్ల మొదటి నౌకాదళం అక్కడి నుండి బయలుదేరి సిడ్నీ కోవ్ చేరుకొంది. ఫ్రెంచివాళ్లు అక్కడ ఆరు వారాలు ఉన్నారు. వాళ్లతో వచ్చిన రెసెవర్ అనే మతగురువు ఫిబ్రవరిలో చనిపోయాడు. ఆయన సమాధి ఇప్పటికీ అక్కడ చూడవచ్చు. లా పెరూజ్ తన ఉత్తరాలను, దినచర్య పుస్తకాలను ఇంగ్లీషు ఓడల ద్వారా స్వదేశానికి పంపాడు. మార్చి 10న తెరచాపలు ఎత్తి వెళ్లిపోయాడు. ఉత్తరాలు ఫ్రాన్సు చేరాయి. ఓడలు చేరలేదు.

ఒక సంవత్సరం, రెండు, మూడు. ఏ కబురూ లేదు. 1791లో దాంత్రకాస్తో అనే నావికుని మరి రెండు ఓడలతో వెతకడానికి పంపారు. ఒక ఓడ పేరు రెషెర్ష్, అంటే వెతకడం. రెండవ ఓడ పేరు ఎస్పెరాఁస్, అంటే ఆశ. టాస్మేనియాలోని రెషెర్ష్ బే, పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పరన్స్ పట్టణం ఈ ఓడల పేర్లే. పటంలో చూడండి. వాళ్లు వెతికారు, ఆశపడ్డారు. ఆ రెండు మాటలూ ఈ దేశం మీద మిగిలిపోయాయి.

ఇంతలో ఫ్రాన్సులో విప్లవం వచ్చింది. 1793 జనవరి 21న లూయీ రాజుకు మరణశిక్ష అమలు చేశారు. చివరి ఘడియలలో కూడా ఆ రాజు ఒక ప్రశ్న అడిగాడని చెప్పుకుంటారు. నిజమో కథో గాని, రెండు వందల సంవత్సరాలకు పైగా ఆ మాట నిలిచి ఉంది.

‘ఆ తోఁ దే నువెల్ ద మొస్యు ద లా పెరూజ్?’

అంటే ‘లా పెరూజ్‌గారి వార్త ఏమైనా తెలిసిందా?’ అని.

ఇందులో మొదటి రెండు మాటలను పట్టుకోండి. మామూలు వాక్యంలో ‘ఓఁ ఆ’ అని ఉండాలి. ‘ఆ’ అంటే ‘ఉంది’ అనుకోండి. ‘ఓఁ’ అంటే ఎవరో ఒకరు, మనం, జనం. ఫలానా వారని చెప్పనక్కర లేనప్పుడు వాడే మాట అది. ‘అంటారు’, ‘చెప్పుకుంటారు’ అని మనం కర్త లేకుండా వదిలేసే చోట ఫ్రెంచివాడు ఈ ‘ఓఁ’ను పెడతాడు. ప్రశ్న కావాలి కనుక తారుమారు చెయ్యాలి. ‘ఆ ఓఁ’ అవుతుంది. అప్పుడు రెండు అచ్చులు ఢీకొంటాయి. పలకడం కష్టం. అందుకని మధ్యలో ఒక ‘త్’ చేరుస్తారు. ‘ఆ త్ ఓఁ’, అది ‘ఆ తోఁ’.

ఫ్రెంచి తరగతిలో చాలామంది పిల్లలు ఈ ‘త్’ దగ్గర తడబడతారు. ఇది ఎక్కడి నుండి ఊడిపడింది అని విసుక్కుంటారు. తెలుగు పిల్లలు విసుక్కోనక్కర లేదు. మన ఇంట్లో నిలువుగా ఉన్న అద్దాన్ని ఏమంటాం? నిలువు, అద్దం కలిస్తే నిలువుటద్దం. చిగురు, ఆకు కలిస్తే చిగురుటాకు. పండు, ఆకు కలిస్తే పండుటాకు. మధ్యలో ‘ట’ ఎక్కడి నుండి వచ్చింది? రెండు అచ్చుల మధ్య మెత్తగా నడవడానికి వచ్చింది. మన వ్యాకరణంలో దీనిని టుగాగమం అంటారు. ‘మా అమ్మ’ను ‘మాయమ్మ’ అన్నప్పుడు వచ్చే ‘య’ కూడా ఇటువంటి అతిథే. ఈసారి మీ ఫ్రెంచి తరగతిలో ఈ ‘త్’ వచ్చినప్పుడు నిలువుటద్దం గుర్తు చేసుకోండి.

ఇక తెలుగు సంగతి. మన పద్ధతి ఒకటే. ‘ఆ’ చేరుస్తాం. వస్తారు, వస్తారా. ఉంది, ఉందా. తెలిసింది, తెలిసిందా. మాటల వరుస మారదు. ముందు ఏదీ చేర్చనక్కర లేదు. ఇంత సులువైనది కనుకనే పిల్లలు దీనిని చిన్నచూపు చూసి మింగేస్తారు.

సులువే గాని, ఇందులో ఒక బలం ఉంది. ‘ఆ’ను వాక్యంలో ఎక్కడ కావాలంటే అక్కడికి తీసుకుపోవచ్చు. ‘మీరు రేపు సిడ్నీకి వస్తారా?’ అంటే మొత్తం విషయం మీద ప్రశ్న. ‘రేపు సిడ్నీకి వచ్చేది మీరా?’ అంటే మనిషి మీద ప్రశ్న. ‘మీరు సిడ్నీకి వచ్చేది రేపా?’ అంటే రోజు మీద. ‘మీరు రేపు వచ్చేది సిడ్నీకా?’ అంటే ఊరి మీద. సందేహం ఎక్కడ ఉందో ‘ఆ’ అక్కడికి వెళ్లి కూర్చుంటుంది. ఫ్రెంచిలో కూడా ఇటువంటిది ఉంది. ‘సె ద్మాఁ క వు వెనే?’ అంటే ‘మీరు వచ్చేది రేపా?’ అని. కాని దానికి వాళ్లు ఎన్ని మాటలు పెట్టారో లెక్కపెట్టండి.

ఒక్క చోట ‘ఆ’ పనికిరాదు. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు వంటి మాట ఉంటే చాలు, అదే ప్రశ్న. ‘మీరు ఎక్కడికి వెళ్తున్నారు?’ అనాలి. ‘మీరు ఎక్కడికి వెళ్తున్నారా?’ అనకూడదు. ఒక ముల్లును తియ్యడానికి ఒక ముల్లు చాలు గదా.

ఆ మాటలు ఫ్రెంచిలో ఎలా ఉంటాయంటే, ఎవరు అనడానికి ‘కి’, ఎప్పుడు అనడానికి ‘కాఁ’, ఎలా అనడానికి ‘కొమాఁ’, ఎంత అనడానికి ‘కొంబ్యాఁ’. చాలావరకు ‘క’తో మొదలవుతాయి. మనవి ఎ, ఏ లతో మొదలవుతాయి. ‘ఎక్కడ’ అనడానికి మాత్రం వాళ్లకు ఒక్క అచ్చు చాలు, ‘ఊ’. మనం కథ వింటూ ఊ కొడతాం. ఫ్రెంచి అబ్బాయికి కథ చెబుతూ ఉంటే మీరు ఊ కొట్టమనకండి. ఎక్కడ, ఎక్కడ అని అడుగుతున్నాడని మీరే తికమకపడతారు.

‘ఎందుకు’ అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఫ్రెంచిలో ‘పూర్‌క్వా’ అంటారు. ‘పూర్’ అంటే కోసం, ‘క్వా’ అంటే ఏమి. ఏమి కోసం, అదే ఎందుకు. మన మాటను విడదీసినా ఇదే కనిపిస్తుంది. చివరనున్న ‘కు’ రాముడికి, బడికి అన్నప్పటి కు, కి ల చుట్టమే. వేల మైళ్ల దూరంలో రెండు భాషలు ఒకే విధంగా ఆలోచించి మాట కట్టుకొన్నాయి. కాని ఇక్కడ, అక్కడ, ఎక్కడ. ఇప్పుడు, అప్పుడు, ఎప్పుడు. ఇంత, అంత, ఎంత అని మనకున్న చక్కని వరుస వాళ్లకు లేదు. వాళ్లు ‘ఇసీ’, ‘లా’, ‘ఊ’ అని మూడూ విడివిడిగా బట్టీ పట్టవలసిందే.

అడిగేది ఎవరినో కూడా చూసుకోవాలి. ఇంగ్లీషులో అందరికీ ‘యూ’ ఒక్కటే. ఫ్రెంచిలో దగ్గరివాళ్లకు ‘త్యు’, పెద్దలకు, కొత్తవాళ్లకు ‘వు’. మన నువ్వు, మీరు వంటివే. తెలుగు ఇళ్లలో నానమ్మను ‘నువ్వు’ అని, తాతయ్యను ‘మీరు’ అని పిలిచేవాళ్లు చాలామంది. నువ్వు అన్నంత మాత్రాన నానమ్మ మీద గౌరవం తక్కువని కాదు. మీ ఇంట్లో ఏది అలవాటో అమ్మను అడగండి. ‘వస్తున్నావా నానమ్మా?’, ‘వస్తున్నారా తాతయ్యా?’ ఈ రెండూ నోటికి వస్తే ఫ్రెంచి ‘త్యు’, ‘వు’ల తేడా మీకు ఎవరూ చెప్పనక్కర లేదు.

ఫ్రెంచి, తెలుగు ఒకే వీధిలో వినిపించిన ఊరు ఒకటి ఉంది. గోదావరి ఒడ్డున, కాకినాడకు దగ్గరలో యానాం. చుట్టూ ఇంగ్లీషువాళ్ల రాజ్యం ఉన్నా ఆ చిన్న ఊరు మాత్రం 1954 వరకు ఫ్రెంచివాళ్ల పాలనలో ఉండేది. కచేరీలో ఫ్రెంచి, సంతలో తెలుగు. 1962లో భారతదేశంలో చట్టప్రకారం కలిసిపోయాక, అక్కడ పుట్టి అక్కడే ఉంటున్నవాళ్లలో ఫ్రెంచి పౌరులుగా ఉండదలచినవాళ్లు ఆరు నెలలలో రాసి ఇవ్వాలన్నారు. రాసి ఇవ్వకపోతే భారత పౌరులు. ‘ఆటా, మూటా?’, ‘అన్నమా, రొట్టా?’ అన్నట్టు రెండు ‘ఆ’లు ఉన్న ప్రశ్నలో ఒకటి ఎంచుకోవాలి. ‘ఫ్రెంచివారా, భారతీయులా?’ అన్నప్పుడు ఒక్కొక్క ఇంట్లో ఎంత మాట నడిచి ఉంటుందో ఆలోచించండి. ఇప్పుడు యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఉంది. ఊరి భాష తెలుగే.

ప్రశ్న అన్నాక జవాబు. ‘అన్నం తినలేదా?’ అని నానమ్మ అడుగుతుంది. మీరు ఇంగ్లీషు అలవాటులో, తిన్నాను అనే ఉద్దేశంతో ‘యెస్’ అంటారు. నానమ్మ దాన్ని ‘అవును, తినలేదు’ అని అర్థం చేసుకుంటుంది. మీ అమ్మకు చీవాట్లు పడతాయి. ఫ్రెంచివాళ్లు ఈ చిక్కు కోసం ఒక ప్రత్యేకమైన మాట పెట్టుకున్నారు. మామూలు ప్రశ్నకు అవును అనడానికి ‘వుయ్’ అంటారు. ‘రావా?’, ‘తినలేదా?’ వంటి ప్రశ్నకు, ‘ఎందుకు రాను, వస్తాను’ అని చెప్పాలంటే ‘సి’ అంటారు. మనకు ‘సి’ లేదు. కాని అంతకన్నా తేలిక దారి ఉంది. క్రియనే తిరిగి చెప్పండి. ‘తినలేదా?’ ‘తిన్నాను.’ ‘రావా?’ ‘వస్తాను.’ ఇక ఎవరికీ అనుమానం ఉండదు.

రాజు అడిగిన ప్రశ్నను మనం మధ్యలో వదిలేశాం. దానికి జవాబు దొరకడానికి చాలాకాలం పట్టింది. 1793 మే నెలలో, అంటే రాజు చనిపోయిన నాలుగు నెలలకు, దాంత్రకాస్తో ఒక దీవి పక్కగా వెళ్లాడు. దానికి తన ఓడ పేరే పెట్టాడు, రెషెర్ష్ అని. దిగి చూడలేదు. కొద్ది వారాలకే ఆయన కూడా జబ్బుపడి చనిపోయాడు. ఆ దీవి అసలు పేరు వనికోరో. ఇప్పటి సాలమన్ దీవులలో ఉంది. లా పెరూజ్ ఓడలు రెండూ బద్దలైనది అక్కడే. ఆ సంగతి 1827లో బయటపడింది. పీటర్ డిల్లన్ అనే నావికుడు దగ్గరి దీవిలో ఒక ఫ్రెంచి కత్తి పిడి చూసి అనుమానపడి, కలకత్తా వెళ్లి ఒక ఓడ సంపాదించి, వనికోరో చేరి ఆ ఓడల సామానులు కనుగొన్నాడు. కలకత్తాలో ఆయనకు ఇచ్చిన ఓడ పేరు కూడా ‘వెతకడం’ అనే అర్థం వచ్చేదే, ఇంగ్లీషులో రీసెర్చ్. బోటనీ బే నుండి ఓడలు కదిలిన ముప్పై తొమ్మిది సంవత్సరాలకు జవాబు వచ్చింది. అడిగినవాడు లేడు.

ఆ ముప్పై తొమ్మిది సంవత్సరాలూ ఫ్రాన్సులో ఓడవాళ్ల ఇళ్లలో ఏమని అనుకొని ఉంటారు? మనవాళ్లయితే ‘ఏమయ్యారు?’ అని అడిగి ఊరుకోరు. ‘ఏమయ్యారో!’ అంటారు. ఈ ‘ఓ’ను గమనించారా? ‘ఆ’ ఎదుటివారిని అడుగుతుంది. ‘ఓ’ ఎవరినీ అడగదు. తనలో తాను అనుకొంటుంది. ‘వస్తారా?’ అంటే జవాబు చెప్పేవారు ఎదురుగా ఉన్నారు. ‘వస్తారో రారో’ అంటే ఎదురుగా ఎవరూ లేరు. పైన రాజుగారి మాట చెప్పేటప్పుడు ‘నిజమో కథో’ అని రాశాం, అది కూడా ఇదే. ఫ్రెంచిలో ఇంత పనిని ఒక్క అచ్చు చెయ్యలేదు.

రాజమండ్రి నానమ్మ పెట్టె మళ్లీ అటక ఎక్కించింది. మనవరాలు తరువాత వారం ఫోను చేసి, ఈసారి చివర సాగదీసి మరీ అడిగింది. “నానమ్మా, వేసవిలో వస్తావా?” నానమ్మ, “మీకు వేసవా, మాకు వేసవా?” అంది.

అభ్యాసం

1. “నాన్న రేపు యానాం నుండి బస్సులో వస్తారు.” ఈ వాక్యంలో ‘ఆ’ను ఒక్కొక్క మాట దగ్గరకు తీసుకుపోయి నాలుగు ప్రశ్నలు రాయండి. అవసరమైతే మాటల వరుస మార్చండి.

2. నిలువుటద్దం, చిగురుటాకు వంటి మాటలు ఇంకా రెండు ఇంట్లో అడిగి తెచ్చుకోండి.

3. నానమ్మ చివరి ప్రశ్నలో ఎన్ని ‘ఆ’లు ఉన్నాయి? ఆమె ఆ ప్రశ్న ఎందుకు అడిగింది?

4. ఈ వారం మీ తాతయ్యకో, అమ్మమ్మకో ఫోను చేసి, వాళ్ల చిన్ననాటి సంగతి ఒకటి తెలుగులో అడగండి. మీరు అడిగిన ప్రశ్నను, వాళ్లు చెప్పిన జవాబును రాసుకొని తరగతికి తీసుకురండి.